పొలుసు పురుగుకు ఈగ విరుగుడు: ఏ తోటలో పనిచేస్తుంది, ఎక్కడ చేయదు?

క్లుప్తంగా: చెట్ల రసం పీల్చే పొలుసు పురుగుల శరీరంలోకి చొరబడి, లోపలినుంచి తిని చంపే చిన్న ఈగలు ఉన్నాయి. 1888లో ఆస్ట్రేలియా నుంచి కాలిఫోర్నియాకు పంపిన అలాంటి ఈగలు అక్కడి నారింజ తోటలను కాపాడటంలో పాలుపంచుకున్నాయి. అయితే అవి దాడి చేసేది పొలుసు పురుగుల్లో ఒక్క కుటుంబం మీదే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కొబ్బరి, మామిడి, చెరకు పంటలను పీడించే రకాల్లో ఎక్కువ భాగం ఆ కుటుంబానికి చెందవు. వాటిని అదుపు చేసేవి వేరే బదనికలు (అంటే పురుగు ఒంట్లో పెరిగి దాన్ని చంపే కీటకాలు), అక్షింతల పురుగులు. అవి చాలావరకు తోటల్లోనే ఉన్నాయి. ఏ పురుగుకు ఏది శత్రువో తెలియకుండా మందు కొడితే ముందుగా చచ్చేవి అవే.

తెల్లగా కనిపించేవన్నీ ఒకటి కావు

ఉద్దానంలో కొబ్బరి ఆకు అడుగున తెల్లటి పొడి కనిపించినా, పెరట్లోని పనస ఆకు మీద దూది ఉండల్లాంటివి కనిపించినా, విజయనగరం వైపు మామిడి ఆకు మీద తెల్లటి చుక్కలు కనిపించినా రైతు నోట వచ్చే మాట ఒకటే: తెల్ల పురుగు పట్టింది. దుకాణంలో దొరికే మందు కూడా చాలాసార్లు ఒకటే. గందరగోళానికి మూలం ఇక్కడే ఉంది.

కొబ్బరి ఆకు అడుగున వలయాలుగా, తెల్లటి మైనపు పోగులతో గుడ్లు పెట్టేది సర్పిలాకార తెల్లదోమ. ఇది పొలుసు పురుగు కాదు, దానికి దూరపు బంధువు. మన దేశంలో ఇది మొదట 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతపు కొబ్బరి తోటల్లో బయటపడింది. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ కోస్తా అంతటా వ్యాపించింది.

అసలు పొలుసు పురుగుల్లో మూడు తెగలను వేరుగా చూడాలి. మొదటివి గట్టి పొలుసు ఉన్నవి. ఇవి మూకుడు బోర్లించినట్టు ఒక కప్పు కట్టుకుని దాని కింద ఉంటాయి. కొబ్బరి ఆకులను పసుపు మచ్చలతో నింపే పొలుసు పురుగు, చెరకు గడ కణుపుల మధ్య బూడిద రంగు పొరలా పేరుకునే పురుగు, మామిడి ఆకు మీద తెల్లటి చుక్కల్లా కనిపించేది ఈ తెగవే. రెండోవి మెత్తని పొలుసు పురుగులు. ఇవి తేనెలాంటి జిగురును విసర్జిస్తాయి. దాని మీద నల్లటి మసి పెరుగుతుంది, చీమలు చేరతాయి. మూడోవి ఒళ్లు పెద్దగా, మైనపు పోగులతో నిండి ఉండే ‘ఐసీరియా’ జాతులు. పనస, జామ, సీతాఫలం, క్రోటన్ మొక్కల మీద తెల్లటి వేళ్లలాంటి మైనపు పోగులతో కనిపించే ఈజిప్షియన్ ఐసీరియా ఈ తెగదే. పిండినల్లి వీటన్నిటికీ దగ్గరి చుట్టమే గాని దాని కుటుంబం వేరు.

ఆకు మీద మసి ఉందా లేదా అన్నది ఈ తేడా పట్టుకోవడానికి పనికొచ్చే మొదటి ఆనవాలు. గట్టి పొలుసు పురుగులు జిగురు విసర్జించవు. కాబట్టి ఆకు పసుపెక్కి, మసి లేకుండా ఎండుతుంటే వాటిని అనుమానించాలి. ఆకు నల్లబడి వేలికి అంటుకుంటుంటే తెల్లదోమనో, మెత్తని పొలుసు పురుగునో, పిండినల్లినో, ఐసీరియానో వెతకాలి.

ఈగ చేసే పని

పొలుసు పురుగులను చంపే ఈగల్లో ఎక్కువ పేరున్నది ‘క్రిప్టోచీటమ్’ అనే ప్రజాతి. ఈ ఈగలు రెండు మిల్లీమీటర్ల అటూ ఇటూగా ఉంటాయి. నీలం, ఆకుపచ్చ కలిసిన లోహపు మెరుపుతో, పొట్టిగా బొద్దుగా కనిపిస్తాయి. ఇళ్లలో తిరిగే ఈగకూ వీటికీ పోలిక వెతకనక్కరలేదు. మనుషుల తిండి మీద వీటికి ఆసక్తి లేదు.

తల్లి ఈగ ఐసీరియా పురుగు ఒంట్లోకి గుడ్డు చొప్పిస్తుంది. గుడ్డు పగిలి వచ్చిన పిల్ల ఈగ, ఆ పురుగు రక్తంలో మునిగి పెరుగుతుంది. ద్రవంలో మునిగి ఉన్న జీవికి గాలి ఎలా అందుతుందన్న ప్రశ్నకు జవాబు దాని తోకలోనే ఉంది. పిల్ల ఈగ వెనుక చివర రెండు సన్నని పోగులు ఉంటాయి. పెరిగేకొద్దీ అవి దాని ఒంటికంటే పొడుగవుతాయి. పురుగు శరీర ద్రవంలోంచి ప్రాణవాయువును అందుకోవడానికి ఇవి తోడ్పడతాయని శాస్త్రవేత్తల అభిప్రాయం. లోపలి భాగాలను తింటూ ఎదిగి, అక్కడే కోశస్థ దశకు చేరుతుంది. చివరికి ఈగగా మారి ఒక రంధ్రం గుండా బయటికి వస్తుంది. మిగిలేది పురుగు తోలు. చిన్న పురుగులో ఒకటే ఈగ పెరుగుతుంది. బాగా ఎదిగిన పురుగులో ఒకటికి మించి కూడా పెరుగుతాయి.

పేను, జలగ లాంటివి రక్తం తాగినా ఆశ్రయమిచ్చిన జీవిని సాధారణంగా చంపవు. ఈ ఈగ మాత్రం తన ఎదుగుదల పూర్తయ్యేసరికి పురుగును చంపే తీరుతుంది. పంటకు ఇది పనికొచ్చే కారణం అదే.

క్రిప్టోచీటమ్ ఈగలు ఐసీరియా, దాని దగ్గరి బంధువులున్న కుటుంబాన్ని వదిలి మరో కుటుంబం జోలికి పోవు. కొబ్బరి పొలుసు పురుగు కప్పు కింద ఇవి బతకవు. తెల్లదోమను ముట్టుకోవు. ఇవి కాక పొలుసు పురుగుల గుడ్లను, పిల్లలను బయటినుంచి తినే వెండి రంగు ఈగలు, పిండినల్లిని తినే అతి చిన్న గాల్ ఈగలు కూడా ఉన్నాయి. వాటిది బదనిక బతుకు కాదు, వేట. మొత్తం మీద చూస్తే పొలుసు పురుగుల బదనికల్లో ఈగల వాటా తక్కువ. ఆ పని ఎక్కువగా చేసేవి కంటికి సరిగా ఆనని చిన్న కందిరీగలు.

అడిలైడ్ నుంచి లాస్ ఏంజెలిస్‌కు

ఈ ఈగ కథ ఆస్ట్రేలియాలో మొదలైంది. దక్షిణ ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఫ్రేజర్ క్రాఫోర్డ్ 1880ల నడుమ ఐసీరియా పురుగుల్లోంచి ఈ చిన్న ఈగలు బయటికి రావడం గమనించారు. అప్పటికి కాలిఫోర్నియా నారింజ రైతులు ఇదే పురుగుతో కుదేలై ఉన్నారు. ఆస్ట్రేలియాకు చెందిన ఆ పురుగు 1860ల చివర్లో అకేసియా మొక్కలతోపాటు అక్కడికి చేరింది. సహజ శత్రువులు మాత్రం వెంట రాలేదు. కిరోసిన్ కలిపిన ద్రావణాలు, విషవాయువులు ఏవీ దాన్ని నిలువరించలేకపోయాయి. కొందరు రైతులు చెట్లనే నరికేసుకున్నారు.

అమెరికా వ్యవసాయ శాఖ ప్రధాన కీటక శాస్త్రవేత్త చార్లెస్ రైలీ, ఆల్బర్ట్ కోబెల్‌ను 1888 ఆగస్టులో ఆస్ట్రేలియాకు పంపారు. వెతకబోయింది ఈగ కోసం. ఆ ఏడాది అక్టోబరులో అడిలైడ్‌లోని ఒక తోటలో ఈగతోపాటు, ఐసీరియాను ఆబగా తింటున్న ఎర్ర అక్షింతల పురుగు ‘వెడాలియా’ కూడా ఆయన కంట పడింది. ఈగలు దాదాపు 12,000 పంపగా, వెడాలియా పురుగులు తొలి విడతల్లో 129 మాత్రమే చేరాయి. లాస్ ఏంజెలిస్‌లో ఒక నారింజ చెట్టుకు గుడారం కట్టి వాటిని వదిలారు. 1889 జూన్ నాటికి వాటి సంతానంలోంచి 10,000కు పైగా పురుగులను ఇతర తోటలకు పంచారు. ఆ సంవత్సరం ముగిసేసరికి తోటలు తేరుకున్నాయి. ఈ యాత్రకు అయిన ఖర్చు 2,000 డాలర్ల లోపే.

కీర్తి మొత్తం వెడాలియాకే దక్కింది. ఎర్రగా కంటికి కనిపించే పురుగు ముందు రెండు మిల్లీమీటర్ల ఈగను పట్టించుకునేవారెవరు? ఆ లెక్కను సరిచేయడానికి చాలాకాలం పట్టింది. దక్షిణ కాలిఫోర్నియా తోటల్లో కీటక శాస్త్రవేత్తలు క్వెసాడా, డీబాక్ చేసిన అధ్యయనం 1973లో వెలువడింది. వేడి, పొడి గాలి ఉన్న లోపలి ప్రాంతాల్లో వెడాలియాది పైచేయి అయితే, చల్లటి తేమ గాలి తగిలే సముద్రతీర ప్రాంతాల్లో ఈగదే పైచేయి అని అది తేల్చింది. ఒకే పురుగు, ఇద్దరు శత్రువులు, వాతావరణాన్ని బట్టి పంపకం. ఈగ పిల్ల ఉన్న పురుగును వెడాలియా తినేస్తే ఈగా పోతుంది. పోటీ ఉన్నా రెండూ కలిసి తీరాన్నీ లోపలి ప్రాంతాన్నీ కాశాయి.

భారతదేశంలోనూ ఇదే పురుగు 1920ల చివర్లో నీలగిరి కొండల్లో అకేసియా చెట్లను పట్టింది. అప్పుడు కూడా వెడాలియాను విదేశం నుంచి తెప్పించి వదిలారు.

ఎనిమిది వందల్లో ఒకటి

శత్రువును వదిలితే పురుగు ఎలా తగ్గుతుందో అర్థం కావాలంటే గుడ్ల లెక్క చూడాలి. కాలిఫోర్నియాను పట్టిన ఐసీరియా తల్లి ఒక్కో సంచిలో 500 నుంచి 1,000 గుడ్లు పెడుతుంది. పైగా దానికి మగ పురుగు అవసరం దాదాపు లేదు. ఒకే ఒంట్లో ఆడ, మగ లక్షణాలు రెండూ ఉంటాయి. 800 గుడ్లు పెట్టిందనుకుంటే, వాటిలో ఒక్కటి బతికి తల్లయితే పురుగుల సంఖ్య ఉన్నచోటే ఉంటుంది. రెండు బతికితే తరం తరానికి రెట్టింపవుతుంది. ఎనిమిది బతికితే, అంటే నూటికి తొంభై తొమ్మిది చచ్చినా, తరువాతి తరం ఎనిమిది రెట్లు.

గాలికి కొట్టుకుపోయేవి, వానకు జారిపోయేవి, చోటు దొరకక ఎండిపోయేవి పోగా మిగిలే ఆ కొద్దిపాటి పురుగుల మీదే ఆట అంతా నడుస్తుంది. ‘99 శాతం చంపుతుంది’ అని డబ్బా మీద రాసిన మందుకూ, బదనికకూ తేడా ఇక్కడ తెలుస్తుంది. మందు చల్లిన రోజు తగిలినవాటిని చంపుతుంది. మిగిలినవాటిని వెతుక్కుంటూ పోలేదు. బదనిక పోతుంది. ఒక చెట్టు మీద పురుగులు తగ్గితే పక్క చెట్టుకు ఎగురుతుంది, దొరికినదానిలో గుడ్డు పెడుతుంది, పురుగు పెరిగినచోట తానూ పెరుగుతుంది. అయితే పురుగు పూర్తిగా పోతే బదనికకూ తిండి ఉండదు. కాబట్టి జీవ నియంత్రణ బాగా నడిచిన తోటలో కూడా పురుగు కొద్దిగా కనిపిస్తూనే ఉంటుంది. ఆ కొద్దిపాటిని చూసి కంగారుపడి మందు కొట్టడంతోనే చాలా తోటల్లో సమతూకం చెడుతోంది.

మందు కొడితే పురుగు ఎందుకు పెరుగుతుంది

గట్టి కప్పు కింద ఉన్న పురుగుకు, మైనం కప్పుకున్న పురుగుకు చల్లిన మందు సరిగా తగలదు. మందుకు దొరికేది గుడ్డు నుంచి అప్పుడే వచ్చి పాకుతూ చోటు వెతుక్కునే పిల్ల దశ ఒక్కటే. ఆ దశ కొన్ని రోజులకు మించి ఉండదు. ఈగ, కందిరీగ, అక్షింతల పురుగు మాత్రం కప్పు లేకుండా ఆకుల మీద తిరుగుతుంటాయి కాబట్టి మందు తడి ఆరాక కూడా దాని ప్రభావానికి చిక్కుతాయి.

దీనికి పెద్ద రుజువు కూడా కాలిఫోర్నియాదే. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక డీడీటీ తోటల్లోకి వచ్చింది. 1946–47లో శాన్ వాకిన్ లోయలో అది వెడాలియాను తుడిచిపెట్టడంతో, ఆరు దశాబ్దాలుగా కనుమరుగైన ఐసీరియా మళ్లీ విరుచుకుపడింది. మందు వాడకం మార్చి, వెడాలియాను తిరిగి తెచ్చి వదిలాకే అదుపులోకి వచ్చింది. 1990ల చివర్లో కూడా, కీటకాల ఎదుగుదలను ఆపే కొత్త తరహా మందుల వల్ల అదే లోయలో అదే అనుభవం ఎదురైంది. కాబట్టి కొత్త మందు మెత్తనిదని చెప్పినంత మాత్రాన అది మిత్రపురుగుకు కూడా మెత్తనిదని అనుకోలేం.

మందు తర్వాత అంత కీలకమైనవి చీమలు. జిగురు కోసం పొలుసు పురుగుల చుట్టూ కాపలా తిరిగే చీమలు బదనికలను దగ్గరికి రానివ్వవు. ఇక్కడ ఉత్తరాంధ్ర రైతుకు ఒక చిక్కు ఉంది. ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలు జీడిమామిడిలో టీ దోమను వేటాడతాయి కాబట్టి వాటిని ఉంచుకోవాలి. అవే చీమలు పక్కనే ఉన్న మామిడి చెట్టు మీద మెత్తని పొలుసు పురుగులకు, పిండినల్లికి రక్షణ ఇస్తాయి. జీడి, మామిడి, పనస కలిపి పెంచే ఉద్దానం తోటల్లో చీమల విషయంలో అన్ని చెట్లకూ ఒకే నియమం కుదరదు.

ఉద్దానంలో కొబ్బరి, లోపలి మండలాల్లో మామిడి, చెరకు

2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను పడగొట్టింది. కొత్తగా నాటిన తోటలకు మొక్కలు బయటినుంచి రాక తప్పదు. పొలుసు పురుగులు, తెల్లదోమలు ఒక ప్రాంతం నుంచి మరో ప్రాంతానికి చేరే ముఖ్యమైన దారి మొక్కల రవాణాయే. కాలిఫోర్నియాకు అకేసియాతో వచ్చినట్టే, ఏ నర్సరీ మొక్క ఆకు అడుగునైనా ఇవి రాగలవు. శత్రువు అదే ఆకు మీద ఉంటే అదీ వస్తుంది. చాలాసార్లు అది వెనకబడిపోతుంది.

కొబ్బరి తెల్లదోమ విషయంలో మాత్రం దేశానికి కొంత అదృష్టం కలిసివచ్చింది. ‘ఎన్‌కార్సియా గ్వాడెలూపే’ అనే చిన్న కందిరీగ, 1990లలో వచ్చిన మరో తెల్లదోమ జాతి వెంట, ఎవరూ తేకుండానే దేశంలోకి చేరి ఉంది. కొత్త తెల్లదోమ రాగానే దానికీ అలవాటుపడింది. ఈ బదనిక పట్టిన తెల్లదోమ పిల్లలు నల్లగా మారతాయి. అందుకే నల్ల చుక్కలున్న ఆకులను కోసి, బదనిక లేని తోటల్లో మట్టలకు కట్టమని శాస్త్రవేత్తలు సూచిస్తారు. రసాయన మందులు వద్దని చెప్పడానికీ కారణం ఇదే. కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం తెల్లదోమను తినే అల్లిక రెక్కల పురుగును, తెల్లదోమపై పెరిగే శిలీంధ్రాన్ని ఉత్పత్తి చేసే పని చేపట్టింది. గట్టి వానలు తెల్లదోమ ఉధృతిని తగ్గిస్తాయి. వాన లేని పొడి నెలల్లోనే బదనికను కాపాడుకోవడం ముఖ్యం.

కొబ్బరి పొలుసు పురుగుకు పేరున్న శత్రువు నల్లగా నిగనిగలాడే ‘కైలోకోరస్ నిగ్రిటా’ అక్షింతల పురుగు. ఇది ఈ దేశపుదే. 1938లో సీషెల్స్ దీవుల కొబ్బరి తోటలను కాపాడటానికి దీన్ని భారతదేశం నుంచే తీసుకెళ్లారు. ఫిజీ దీవుల్లో ఇదే పొలుసు పురుగు మీద 1928లో ట్రినిడాడ్ నుంచి తెచ్చిన మరో అక్షింతల పురుగు గెలిచింది. చెరకు పొలుసు పురుగును తినేవాటిలోనూ కైలోకోరస్ ఉంది. గడకు అంటుకుని ఉన్న ఎండుటాకులు తీసివేస్తే వాటి చాటున పెరిగే పురుగు బయటపడుతుంది, మిత్రపురుగుకు దారి దొరుకుతుంది. ఈ పంటల్లో ఈగకు పని లేదు.

ఈగకు చోటున్నది పనస, జామ, సీతాఫలం లాంటి చెట్ల మీద కనిపించే ఐసీరియా దగ్గరే. కాలిఫోర్నియా తీర ప్రాంతపు ఫలితాన్ని నేరుగా కవిటి, సోంపేట తీరానికి అన్వయించడం తొందరపాటు. అక్కడి తీరం చల్లనిది, ఇక్కడిది ఉక్కపోతది. పైగా అక్కడి పరీక్ష జరిగింది ఐసీరియాలోని వేరే జాతి మీద. అయినా తేమ ఉన్న తీరానికీ, వేసవిలో సెగలు కక్కే లోపలి మండలాలకూ వేర్వేరు మిత్రపురుగులు ఉపయోగపడవచ్చన్న సూత్రం మాత్రం రెండు జిల్లాలకూ వర్తిస్తుంది.

ఈగలను తెప్పించుకోవచ్చా?

ఆన్‌లైన్‌లో మిత్రపురుగుల అమ్మకాలు చూసి ఈ ప్రశ్న అడిగేవారు పెరుగుతున్నారు. విదేశీ జీవిని రైతు తనంతట తాను తెప్పించుకోవడానికి చట్టం ఒప్పుకోదు. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం జీవ నియంత్రణ కీటకాల దిగుమతికి ముందస్తు అనుమతి కావాలి. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ లాంటి చోట్ల వాటిని నిర్బంధంలో ఉంచి, ఇంకేమైనా తింటాయేమో పరీక్షించాకే బయటికి వదులుతారు. 2008లో కోయంబత్తూరులో బయటపడ్డ బొప్పాయి పిండినల్లికి ప్యూర్టోరికో నుంచి తెచ్చిన కందిరీగలను 2010లో వదిలింది ఈ పద్ధతిలోనే.

ఇంత జాగ్రత్త అవసరమా అంటే, పరాన్నజీవి ఈగల చరిత్రలోనే జవాబుంది. అమెరికాలో అడవి చెట్ల ఆకులు తినే గొంగళి పురుగు మీదికి 1906 నుంచి వదిలిన ‘కాంప్సిల్యూరా’ ఈగ, 180కి పైగా జాతుల పురుగుల్లో పెరగగలదని తర్వాత తేలింది. అక్కడి అందమైన పట్టు చిమ్మటలు తగ్గడానికి దానిదీ ఒక పాత్ర. మన పట్టు రైతులకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఊజీ ఈగ. పశ్చిమ బెంగాల్ నుంచి 1980లో కర్ణాటకకు చేరిన ఈ ఈగ పట్టుపురుగు ఒంట్లో పెరిగి దాన్ని చంపుతుంది. దాన్ని అదుపు చేయడానికి మళ్లీ ఒక కందిరీగను వదలాల్సి వస్తోంది. క్రిప్టోచీటమ్ మీద శాస్త్రవేత్తలకు నమ్మకం ఉండటానికి కారణం, అది ఒక్క కుటుంబానికే కట్టుబడి ఉండటం. గాలాపాగోస్ దీవుల్లో ఐసీరియా మీదికి వెడాలియాను వదలడానికి ముందు కూడా స్థానిక కీటకాలకు ముప్పు లేదని ఏళ్ల తరబడి పరీక్షించి, 2002లో వదిలారు.

ఒక తిరకాసు కూడా ఉంది. లక్క పురుగు కూడా పొలుసు పురుగే. ఏటికొప్పాక బొమ్మలకు మెరుపునిచ్చే లక్క దాని నుంచే వస్తుంది. లక్క పెంచేవారికి ఆ పురుగు ఒంట్లో పెరిగే కందిరీగ, దాన్ని తినే చిమ్మట పురుగులు శత్రువులు. తోటలో మిత్రుడనిపించుకున్న తెగే లక్క చెట్టు మీద దొంగ అవుతుంది.

కొనేముందు చేయగలిగిన పరీక్ష ఒకటుంది, దానికి పది రెట్లు పెద్దగా చూపే చేతి భూతద్దం చాలు. ఐసీరియా తోలు మీద గుండ్రటి రంధ్రం ఉన్నా, విప్పి చూస్తే లోపల ముదురు రంగు కోశం కనిపించినా ఒక బదనిక అప్పటికే తోటలో ఉన్నట్టు. తెల్లదోమ పిల్లల్లో నల్లటివి ఎన్నో, కొబ్బరి పొలుసు పురుగుల కప్పుల మీద చిల్లులు ఉన్నాయో లేదో కొన్ని ఆకులు తిప్పి లెక్కపెడితే, మందు కొట్టాలా ఆగాలా అన్నది ఊహ మీద ఆధారపడదు. లెక్క తేలకపోతే ఆ ఆకులనే కాగితపు సంచిలో పెట్టి రైతు సేవా కేంద్రానికో, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికో తీసుకెళ్లవచ్చు. ప్లాస్టిక్ సంచి వాడకూడదు. అందులో చెమ్మపట్టి పురుగూ బదనికా రెండూ కుళ్లిపోతాయి, ఏది దేన్ని చంపిందో చెప్పడం కష్టమవుతుంది.